మూడు ఓళిగల పౌరుషం

మా చెల్లెలి ఆపరేషన్ చెడగొట్టడానికి శత్రువులెవరూ అక్కర్లేదు, నేనొక్కదాన్ని చాలు. నాలుగేళ్ల కిందట పుంగనూరులో, నిండు గృహప్రవేశంలో ఆ ఘనకార్యం దాదాపు పూర్తి చేశాను. నవ్వాలనుకుంటే నవ్వండి, నేనేం అనుకోను.

మదనపల్లెలో నాది టైలరింగ్ షాపు. అప్పటికి నాకు బరువు తగ్గే ఆపరేషన్ జరిగి ఆరేళ్లు. నూట ఇరవై కిలోల మనిషిని డెబ్బైకి దిగాను. నా జాకెట్లు నేనే నాలుగుసార్లు విప్పి కుట్టుకున్నాను. షుగరు మాత్రలు ఆగిపోయాయి, మోకాళ్లు నా మాట వింటున్నాయి. కుప్పంలో కాపురమున్న మా చెల్లెలు లక్ష్మికీ అదే ఆపరేషన్ చేయించుకోవాలని ఆశ. పాపం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ముప్పై ఎనిమిదేళ్లకే ఇన్సులిన్ సూదులు. అడ్డమల్లా వాళ్లత్త రత్నమ్మ. ఆమె ఊఁ అనందే ఆ ఇంట్లో ఏదీ కదలదు.

గృహప్రవేశం రత్నమ్మ కూతురిదే. వడ్డన చూసుకుంటూ వచ్చి నా విస్తరి దగ్గర ఆగింది.

“ఏందమ్మా, పిట్ట మాదిరి తింటాండావు? సూడండప్పా అందరూ! కడుపు కోయించుకుంటే ఇదీ గతి. మా కోడలికీ ఇదే కావాలంట!”

లక్ష్మి తల దించుకుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నాకేం తక్కువత్తా? ఓళిగలు ఎయ్యండి. మూడెయ్యండి. నెయ్యి పొయ్యండి!”

“వద్దక్కా,” అని లక్ష్మి నా మోచెయ్యి గిల్లింది.

“నువ్వుండు. ఈరోజు తేలిపోవాల.”

ఈ ఆపరేషన్ అయినవాళ్లు తీపి ఒక్కసారిగా మింగితే అది నేరుగా పేగుల్లోకి దూకి మనిషిని కూలదోస్తుందని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేనూ పదిమందికి చెప్పాను. అయినా చెల్లెలి బతుకంతా నా విస్తరి మీదే ఉందనుకుని ఆ మూడు బొబ్బట్లూ గబగబా మింగేశాను.

“సూసినారా అత్తా? దుక్క మాదిరి ఉండాను!”

చెయ్యి కడుక్కుని వచ్చేలోపే గుండె కుట్టుమిషన్‌లా కొట్టుకోసాగింది. ఒళ్లంతా చెమటలు. “శానా ఉక్కగా ఉండాది,” అన్నాను. ఫ్యాను సరిగ్గా నా నెత్తి మీదే తిరుగుతోంది. రెండడుగులు వేశాను. గదిలో, ఇంటివాళ్లు ఇంకా కూర్చోనైనా కూర్చోని కొత్త మంచం కనిపించింది. దాని మీద బోర్లా పడ్డాను.

“దిష్టి తగిలింది! ఎండుమిరపకాయలు తెండి!” అని ఎవరో అరిచారు.

“కాదప్పా, షుగరు డౌనయింది!” అని ఇంకొకరు.

రత్నమ్మ చక్కెర నీళ్ల గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. “తాగు తల్లీ, తాగు!”

లక్ష్మి అడ్డం నిలబడింది. అత్తకు ఎదురు నిలబడటం దాని జీవితంలో అదే మొదలు. “ఆగండత్తా!” అని బ్యాగులోంచి తన షుగరు మిషన్ తీసి నా వేలు గుచ్చింది. “డౌన్ కాలా, పైకెక్కుండాది. తీపి తినే పడిపోయింది. కదలకుండా పడుకోనీండి, సర్దుకుంటాది.”

“ఇవన్నీ నీకెట్లా తెలుసే?”

“రెండేండ్లుగా తెలుసుకుంటాండా అత్తా. ఏం తినాల్నో, ఏం తినగూడదో, ఏ మాత్రలు బతికినంత కాలం మింగాల్నో, ఏటా ఏ రక్తపరీక్షలు చేయించాల్నో. మీరే ఎప్పుడూ అడగలా.”

రత్నమ్మ చక్కెర నీళ్లు తనే గటగటా తాగేసి, మంచం మీదున్న నన్ను ఎగాదిగా చూసింది.

“సరే, చేయించుకో. నీకు కడుపుకు చేస్తే సాలు. మీ అక్కకు మాత్రం నోటికి గూడా చేయమని చెప్పు.”

లక్ష్మికి ఆపరేషన్ అయి మూడేళ్లు దాటింది. ఇన్సులిన్ సూదులు లేవు. ఏటా ఇద్దరం కలిసే రక్తపరీక్షకు వెళ్తాం. నాకు ఆరు కిలోలు తిరిగొచ్చాయి. “అంతేనా నీ ఆపరేషను?” అని దెప్పేవాళ్లకు నా పాత జాకెట్టొకటి షాపులో దాచి ఉంచాను, తీసి చూపిస్తాను.

నా కత్తెర మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఎవరి నోరు మూయించడానికీ ఇక నా నోట్లో ఓళిగ పెట్టుకోను. మాటతోనే మూయిస్తాను.