పేరు లేని చీటీ

మా బాబాయి బొమ్మల గ్యాలరీ స్టోరులో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. కమిటీ ఒప్పుకున్న ప్రతి చిత్రాన్నీ రిజిస్టరులో ఎక్కించి, వెనక నంబరు వేసి, అరలో నిలబెట్టడం ఆయన పని. నంబరు పడిందంటే ఇక అది గ్యాలరీ సొత్తు.

పిన్ని చనిపోయాక, ఆమె వేసిన కిటికీ బొమ్మను బాబాయి గ్యాలరీకి ఇస్తే కమిటీ వద్దంది. బాబాయి దాన్ని ఇంటికి తేలేదు. వెనక ఒక దొంగ నంబరు వేసి, అర చివర దూర్చేశాడు. రిజిస్టరులో అబద్ధం రాయడానికి మాత్రం చెయ్యి రాలేదట.

పోయిన నెల కొత్త ప్రదర్శనకు చిత్రాలు ఏరుతూ గ్యాలరీ డైరెక్టర్ మేడమ్ దాన్ని బయటికి లాగింది.

“ఇంత మంచి బొమ్మని మూల పడేశారేంటండీ? ఎవరు వేశారు?”

బాబాయి రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. మేడమ్ రిజిస్టరంతా తిరగేసి విసుక్కుంది. “ఎక్కడా లేదు. సరే, చిత్రకారులు ఎవరో తెలియదని చీటీ పెట్టండి.”

ఆ చీటీ బాబాయే అంటించాడు.

ప్రదర్శన మొదటిరోజు నేను వెళ్లాను. “పిన్ని పేరు చెప్పెయ్ బాబాయ్,” అని గొణిగాను.

“చెబితే దింపేస్తారే. నా ఉద్యోగం సంగతి సరేసరి. ‘పోయాక నా ఫొటో ఎలాగూ గోడెక్కుతుంది, నేను వేసిన బొమ్మ ఎక్కితే చాలు’ అనేది మీ పిన్ని.”

ఇంతలో బొమ్మ ముందు చాలాసేపు నిలబడిన ఒక పెద్దావిడ ఇటు తిరిగింది. “ఆ వెలుగు చూడు బాబూ, ఎంత బాగుందో! ఎవరు వేశారు?”

బాబాయి చీటీ వైపు చూశాడు. “తెలియదమ్మా,” అన్నాడు.

ఆ తర్వాత ఆయన నా ముఖంలోకి చూడలేదు.