పీకేసిన రాడ్

ఇలా పొయ్యి దగ్గరికి జరగండి, సెగ తగిలినా పరవాలేదు. ఇది దూరం నుంచి వినే మాట కాదు. ఇప్పుడే బగోనా మూత ఎత్తాను. మూత లేపడానికి నేను వాడే వెల్డింగ్ రాడ్ ముక్క ఠంగుమంది. ఆ చప్పుడు వింటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది.

చాలా ఏళ్ళ కిందట ఖతర్‌లో, మెసయీద్ అనే ఊళ్ళో ఒక కంపెనీ క్యాంప్ మెస్‌లో వంట చేసేవాణ్ణి. రాజన్న మా జగిత్యాల వైపు మనిషి, స్కాఫోల్డింగ్ కట్టేవాడు. శుక్రవారం పొద్దున క్యాంప్ వెనక ఇసుకలో క్రికెట్. రోజంతా ఒకటే టేపు బంతి, ఆట సగమయ్యేసరికి నానిన రొట్టెలా మెత్తబడేది. గీతా లేదు, కంచే లేదు. నీళ్ళ ట్యాంకర్ దాటితే సిక్సర్. సిక్సర్ పడ్డచోట రాడ్ ముక్క గుచ్చి అలాగే ఉంచడం మా పద్ధతి, ఆ పని నాది. ఒకసారి ట్యాంకర్‌కు ఇవతలే పడ్డ రాజన్న బంతికి, మనవాడే కదా అని అవతల గుచ్చాను. రాజన్న బ్యాటు పడేసి వచ్చి, పీకి నా కాళ్ళ దగ్గర విసిరాడు.

"ఎవడు చూసిండన్నా?"

"నేను చూసిన గదరా! ఒక్క దొంగది కలిస్తె తక్కినయన్నీ దొంగయే అయితయి."

మా ఫోర్‌మన్ ఫిలిప్పీన్స్ ఆయన, బేస్‌బాల్ పిచ్చి. ఆ రాడ్లు చూసి హిందీలో చెప్పాడు: "అమెరికాలో బేస్‌బాల్ జీతానికి ఆడడం మొదలైన కొత్తలోనూ ఇంతే. మెత్తటి బంతి, ఆటంతా అదొక్కటే. ఏడాదంతా వేళ్ళమీద లెక్కపెట్టేన్ని హోమ్‌రన్లు, అంటే మీ సిక్సర్లలాంటివి, కొట్టినా అతనే మొనగాడు. ఆ మొట్టమొదటి లీగ్ పెద్ద లీగే కాదని ఇప్పటికీ అంటారు. అయినా పేర్లు మాత్రం ఎవరూ చెరపలేదు."

"మా పేర్లు గూడ ఉంటయా సార్?" అన్నాడు రాజన్న. నవ్వుతూనే అడిగాడు, కళ్ళు మాత్రం నవ్వలేదు.

మరుసటేడు బస్సులు నిలపడానికి ఆ ఇసుకంతా బుల్‌డోజర్‌తో చదును చేశారు. రాజన్న భుజం దెబ్బతిని ఊరికి పోయాడు.

పోయిన నెల ఇక్కడే లుసైల్‌లో మనవాళ్ళ క్రికెట్ లీగ్ సభ. "ఖతర్‌ల మనోళ్ళ మొట్టమొదటి సిక్సర్ల వీరుడు" అని నిన్నమొన్న వచ్చిన ఒకాయనకు శాలువా కప్పుతున్నారు. నా ఫోన్‌లో వీడియో కాల్‌లో ఊరి నుంచి రాజన్న చూస్తున్నాడు. లేచి వెళ్ళి మైకు లాక్కున్నాను.

"గది లీగ్ పెట్టకముందు ముచ్చట చాచా, లెక్కల రాదు. స్కోర్ షీటుందా?" అన్నాడు సభ నడిపే టై ఆయన.

"షీటెందుకు? రాడ్ గుచ్చిన చెయ్యి ఇదిగో!"

మైకు ఆపేశాడు. ఎవడిచ్చాడు వాడికా హక్కు? ఒట్టి గొంతుతోనే అరిచాను: "రాజన్నయి పదిహేడు!"

ఫోన్‌లోంచి రాజన్న గొంతు: "పదహారేరా! ఒకటి పీకేసిన గద. సరిగ్గ చెప్పు."

టై ఆయన పకపకా నవ్వాడు. "జూసిండ్రా? యల్లా, ఇగ నడు చాచా, దిగు."

నేను దిగలేదు. "పదహారు" అన్నాను. ఆ పదహారూ ఎక్కడెక్కడ పడ్డాయో ఒక్కొక్కటే చెప్పాను. నవ్వు ఆగింది. శాలువా మాత్రం మారలేదు. నా కోపమూ చల్లారలేదు, చల్లారనివ్వను.

నా చేతిలో ఉన్నది ఆ పీకేసిన రాడే. పదహారూ బుల్‌డోజర్ కింద పోయాయి, లెక్కకు రానిది నా దగ్గర మిగిలింది.

మీ పొయ్యి ఎప్పుడూ వెలుగుతుండాలి. చేసినవాళ్ళ పేరు మీ ఇంట్లో ఎవరూ చెరపకుందురుగాక, చేయనిది ఎవరూ కలపకుందురుగాక.