ఉత్తరం మూలన పసుపు

ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, చేతులు తుడుచుకుని, కాగితం ముందేసుకుని కూర్చుంటాను. పాత స్నేహితురాళ్లకి రాస్తాను. ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేదానికి ఇంత తతంగమేమిటని పక్కింటి అమ్మాయి వేళాకోళం చేస్తుంది. చేయనీ. కలం కదులుతున్నంతసేపు ఎదురుగా ఒక మనిషి కూర్చుని వింటున్నట్టుంటుంది. ఆ సుఖం నాకు చర్ల అడవుల్లో అలవాటైంది. అలవాటు చేసింది ఒంటరితనం.

ఎనభైల్లో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. చర్ల దాటి లోపలికి వెళ్లాలి. సబ్‌సెంటర్ అంటే ఒక గది, దాని వెనక నేను కిరాయికున్న మరో గది, అంతే. పగలంతా సూదిమందులు, పురుళ్లు, జ్వరం బిళ్లలతో గడిచిపోయేది. పని అయ్యాక మాట్లాడదామంటే ఎవరున్నారు? ఊళ్లోవాళ్ల కోయ మాటలు నాకు సగమే అర్థమయ్యేవి, నా తెలుగు వాళ్లకి సగమే. భద్రాచలం బస్సు వస్తే వచ్చినట్టు, వాగు పొంగితే లేనట్టు. మనిషి గొంతు వినాలనిపించి నాతో నేనే పైకి మాట్లాడుకున్న రోజులున్నాయి. నాన్న లేడు. కారేపల్లిలో అమ్మ ఒక్కతే ఉండేది. ఆమె ఒక్కసారి వచ్చి నాలుగు రోజులు నాతో ఉంటే చాలనిపించేది. ఆ మాటే రాయలేకపోయేదాన్ని.

ఎందుకంటే అమ్మకి చదువు రాదు. ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మనే గడప ముందు నిలబడి గట్టిగా చదివేవాడు. వాడకట్టంతా వినేది. నాకిక్కడ దిగులుగా ఉందని రాశానా, పొద్దుగూకేలోపు నేను ఉద్యోగం మానేసినట్టే, కాదంటే ఎవరితోనో లేచిపోయినట్టే. అందుకని ఇన్‌లాండ్ లెటర్ నిండా వానల గురించి, ఇప్పపూల వాసన గురించి, నా గదిలో కాపురం పెట్టిన బల్లి గురించి రాసేదాన్ని. మడత పెట్టే అంచులు కూడా వదిలేదాన్ని కాదు. చివర మాత్రం ‘నేను క్షేమం’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేదాన్ని. అబద్ధాన్ని అంత అందంగా ఎవరూ రాసి ఉండరు.

ఒక ఆదివారం పప్పులో పసుపు వేసి, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే రాయడానికి కూర్చున్నాను. ఉత్తరం మూలన నా బొటనవేలి ముద్ర పడింది. నేను చూసుకోలేదు. మా వైపు శుభవార్త మోసుకెళ్లే ఉత్తరానికే మూలల్లో పసుపు పెడతారు.

కొన్నాళ్లకి మధ్యాహ్నం బస్సులోంచి అమ్మ దిగింది. సంచిలో కొత్త చీర, చక్కెర పొట్లం. లోపలికైనా రాకుండా అడిగింది:

“పిలగాడు ఎవడే?”

“ఏ పిలగాడమ్మా?”

“నాకాడ దాస్తవేంది? ఉత్తరానికి పసుపు పెట్టినవ్ గద. పోస్ట్‌మన్ చదువుతడని సిగ్గుపడి రాయలేదనుకున్న. వాడకట్టోళ్లందరికీ చక్కెర పంచి వచ్చిన.”

“అది పప్పుల పసుపే అమ్మా.”

అమ్మ సంచిలోని చక్కెర పొట్లం వంక చూసుకుంది. తర్వాత ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చేశాను.

అప్పుడు అమ్మ గదంతా కలియజూసింది. పొయ్యి పక్కన ఒక్క పళ్లెం, ఒక్క గ్లాసు బోర్లించి ఉన్నాయి. ఆమె తాగి కడిగిచ్చిన గ్లాసులోనే నేను చాయ్ తాగాను.

“గిట్ల ఒక్కదానివే ఉంటున్నవా బిడ్డా? రాయకపోతివేంది?”

“రాస్తే ఊరంతా వింటది గద.”

“అయితే గిట్ల చెయ్యి. మనసు బాగలేనప్పుడు మూలకు పసుపు రాయి. వాడు ఏం చదువుతడో చదవనీ. నేనొస్త.”

వచ్చేది కూడా. ఊళ్లో అడిగినవాళ్లకి “జాతకాలు కలవలే” అని చెప్పేదట. అలా నేను దిగులుపడ్డప్పుడల్లా మా వాడకట్టులో నాకొక సంబంధం తప్పిపోయేది. నా జాతకం మీద అందరికీ ఎంత జాలో! నాకు మాత్రం రాయడంలో రుచి అప్పుడే తెలిసింది. అంతకుముందు ‘క్షేమం’ అని రాస్తే అబద్ధం. ఇప్పుడు పసుపు పెట్టకుండా రాస్తే ఆ మాట నిజం. అలాంటి ఉత్తరాలు రాసిన రోజు నాకు ఆకలి కూడా బాగా వేసేది.

తొంభైల్లో, ఒక వానాకాలం, అమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆమె చెబుతుంటే పోస్ట్‌మన్ రాసిన కార్డు. ‘ఇక్కడ నేను క్షేమం. నాట్లు అయినవి. నా గురించి రంది పెట్టుకోవద్దు.’ అన్నీ మామూలు మాటలే. ఒక మూల మాత్రం పసుపు దట్టంగా రుద్ది ఉంది.

అన్నేళ్లలో అమ్మకీ దిగులుంటుందని నాకు తట్టనే లేదు. సెలవు పెట్టి దొరికిన బస్సెక్కాను. గుమ్మంలోనే “పిలగాడు ఎవడే అమ్మా?” అని అడగాలని దారి పొడవునా అనుకుంటూ, నాలో నేనే నవ్వుకుంటూ వెళ్లాను.

తలుపు దగ్గరకేసి ఉంది. అమ్మ దొడ్లో ఉన్నట్టుంది. వంటింట్లోకి వెళ్లాను. నాన్న ఉన్నప్పుడు వాడిన పెద్ద గిన్నెలన్నీ అటకెక్కి దుమ్ముపట్టి ఉన్నాయి. పొయ్యి పక్కన ఒక్క పళ్లెం, ఒక్క గ్లాసు బోర్లించి ఉన్నాయి.

అమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

“కార్డు అందిందా బిడ్డా?”

“అందిందమ్మా” అన్నాను.