భాగం పోని 9973

స్కూలు బస్సు ఇంకా రాలేదు. మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది. కూతురి కోసం ఎదురుచూస్తూ ఆ బస్సు నంబరును భాగిస్తున్నాను.

చిన్నప్పుడు మిర్యాలగూడలో నాన్న నడిపే రైసుమిల్లు లారీ నంబరు 9973. అంకెలు కూడితే తొమ్మిది రాని బండి కలిసిరాదని మిల్లులో అనేవారు; దీనికి ఒకటే వచ్చేది. ఒకరోజు పొద్దున్నే రావలసిన నాన్న మధ్యాహ్నమైనా రాలేదు. దేనితోనూ భాగం పోని నంబరైతే బండికేమీ కాదనుకుని నోటుబుక్కు తీశాను. వందలోపు ప్రధాన సంఖ్యలన్నీ అయ్యాయి. ఆఖరున తొంభై ఏడుతో భాగిస్తే డెబ్బై తొమ్మిది మిగిలింది.

"దేంతోని పోతలేదమ్మా."

"ఇంకోపారి సూడు బిడ్డా," అంది అమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

రెండోసారి సగంలో ఉండగా లారీ వచ్చింది. పంక్చరట.

అమ్మకు భాగహారం రాదు. మళ్లీ చూడమన్నది లెక్క కోసం కాదని, ఈ బస్సు నంబరును మూడోసారి భాగిస్తుంటే తెలుస్తోంది.