డొనెగాల్‌లో గట్టి నేల కోసం

మా వారికి డొనెగాల్ కౌంటీలోని లెటర్‌కెన్నీ ఆసుపత్రిలో డాక్టర్‌గా ఉద్యోగం ఖాయమైంది. నాది ఇంటి నుంచి చేసుకునే సాఫ్ట్‌వేర్ పని. డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లోని అద్దె ఇల్లు వదిలి ఆసుపత్రి దగ్గర్లోనే ఇల్లు కొనుక్కుందామని శనివారం పొద్దున్నే డబ్లిన్‌లో బస్సెక్కాం. డొనెగాల్‌కు రైలు లేదు. వెళ్లేవారు బస్సు టికెట్ ముందే తీసుకోవడం మంచిది.

దారిలో పులిహోర డబ్బా తెరిచానో లేదో, ముందు సీటులోని అమ్మాయి వెనక్కి తిరిగింది.

"వాసన రాంగనే మనోళ్లని తెల్సిందక్కా!"

పేరు శ్రావణి, వరంగల్ అమ్మాయి. కార్క్ యూనివర్సిటీలో నేలల మీద పరిశోధన చేస్తోంది. ఉత్తర ధ్రువం వైపు వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల ఇప్పుడు కరుగుతోందట. అది చూసి ఈమధ్యే తిరిగొచ్చింది.

"అక్కడ ఇండ్లు ఒరిగినయక్కా. కింద మంచు కరిగితే నేల కుంగుతది. ఒకామె ఇంట్ల తలుపే పడ్తలేదు. అయినా నవ్వుకుంటనే చాయ్ పోసింది."

ఎనిమిదేళ్ల మా అన్వి చెంచా ఆపేసింది. "మామ్, విల్ అవర్ హౌస్ ఫాల్ టూ?"

"నేల చూస్కొని కొంటే పడదు, బంగారం," అంది శ్రావణి, ఇంకాస్త పులిహోర వడ్డించుకుంటూ.

మధ్యాహ్నానికి లెటర్‌కెన్నీ దగ్గరి ఒక ఊళ్లో, సముద్రం ఒడ్డున మొదటి ఇల్లు చూశాం. వంటగది కిటికీ నిండా నీలం. మా వారు అప్పుడే కుర్చీ ఎక్కడ వేసుకోవాలో చూసుకుంటున్నారు. పక్కింటి బ్రెడా అనే పెద్దావిడ గోడ దగ్గరికి వచ్చి పలకరించింది.

"ఇల్లెలా ఉంది?"

"గ్రాండ్!" అన్నారీయన.

"గ్రాండే. అదిగో, ఆ అలలు విరుగుతున్న చోట మా ఆయన బంగాళదుంపలు వేసేవాడు."

ఈయన కుర్చీ సంగతి మరిచి అలల వైపు చూశారు.

"మరి మీరు ఇక్కడే ఉంటారా?" అన్నాను.

"నేను ఈ సముద్రాన్ని వదల్లేను. మీకు చిన్నపిల్ల ఉంది. పైకి వెళ్లండి."

వెళ్లాం. ఊరి వెనక కొండవాలు మీద చిన్న ఇల్లు. గాలి ఈల వేస్తోంది, వంటింటి అలమార తలుపు వేలాడుతోంది. మా వారు పెరట్లో కాలితో గట్టిగా తన్ని చూశారు. రాతి నేల. అన్వి గెంతింది, నేనూ గెంతాను. ఇల్లు చూపిస్తున్న ఏజెంటు మమ్మల్ని వింతగా చూసి, చివరికి తనూ ఒకసారి గెంతాడు.

తిరుగు బస్సులో ఉండగానే ఏజెంటు ఫోన్ చేశాడు. ఇంటివాళ్లు మేం చెప్పి వచ్చిన ధరకు ఒప్పుకున్నారు! ఈయన కేక విని పక్క సీటు పెద్దాయన అడిగాడు, "లాటరీనా?"

"ఇల్లండీ! లెటర్‌కెన్నీ దగ్గర, కొండ మీద."

"అయితే గాలికి టోపీ జాగ్రత్త," అని చెయ్యి కలిపాడు.

చూడబోయింది ఇళ్లనే అయినా, వాటి కింది నేలనీ పక్కనున్న మనుషులనీ కూడా చూసి వచ్చాం. బస్సు డబ్లిన్ వైపే పరుగెడుతోంది. నాకు మాత్రం ఆ కొండ కింది ఊరే మా ఊరై, దాన్ని వదిలి వెళుతున్నట్టు అనిపించింది.