జెబెల్ అలీలో మంచు పని

ఆ రోజుల సంగతి తల్చుకుంటే ముందుగా నాకు ఫోటోలే గుర్తొస్తాయి. అందరి చేతుల్లో ఫోన్లు లేని కాలం అది. దుబాయ్ పోయిన ప్రతివాడూ ఎవరిదో కారు పక్కన నిలబడి, తలుపు మీద చెయ్యి వేసి, ఫోటో దిగి ఊరికి పంపేవాడు. (కారు గల ఆసామి వచ్చేలోపు దిగాలి, అదొక్కటే కష్టం.) ఆ కారు వాడిది కాదని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా అద్దం కట్టించి గోడకు తగిలించేవాళ్ళు. నేనూ ఒక ఫోటో పంపాను. నాది కారు ఫోటో కాదు, అందుకే ఇంత కథ అయింది. నేను చదివింది ఐదో తరగతి, ఇట్లా కూర్చుని రాయడం ఇదే మొదటిసారి. తప్పులు చాలావరకు మా ఆవిడ దిద్దింది. ఇంకా ఏమైనా మిగిలితే అవి నావి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. జగిత్యాల దగ్గర పల్లె నుంచి పోయి జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక యార్డులో పడ్డాను. ఆ యార్డుకు చలిదేశాల ఎయిర్‌పోర్టుల్లో వాడి పక్కన పెట్టిన బండ్లు ఓడల్లో వచ్చేవి. కొన్నింటికి ముందర తాటిమొద్దంత లావు బ్రష్షు ఉండేది, రన్‌వే మీద మంచు ఊడవడానికి. కొన్నింటికి వెనక పెద్ద ట్యాంకు, పైన పొడవాటి ఇనప చెయ్యి, దాని చివర మనిషి నిలబడే తొట్టి. ఆ తొట్టిలో నిలబడి, పైపుతో వేడివేడి మందు కొట్టి, విమానం రెక్కల మీద మంచు కరిగిస్తారట. రెక్కల మీద మంచు ఉంటే విమానం సరిగ్గా లేవదట. ఇవన్నీ మా ఉస్తాద్ చెప్పాడు. ఆయన పెషావర్ మనిషి, ఇంజన్ల డాక్టరు. ఆయన బాగుచేసేవాడు, పెయింటర్ రంగు వేసేవాడు, నేను కడిగేవాణ్ణి. తర్వాత ఆ బండ్లు మళ్ళీ ఓడెక్కి ఇంకో చలిదేశం పోయేవి. మంచు కోసమే పుట్టిన బండ్లు మధ్యలో నా దగ్గరికి వచ్చి ఎండలో రెండు నెలలు నిలబడేవి. వాటిని చూస్తే నాకు జాలి వేసేది. నన్ను చూసి వాటికి ఏమనిపించేదో.

ఒకరోజు మందు కొట్టే బండి కడుగుతుంటే సీటు వెనక ఒక జాకెట్ దొరికింది. పరుపంత మందం, టోపీకి గొర్రె బొచ్చు. ఎవరో చలిదేశపాయన మరిచిపోయి ఉంటాడు. సరదాకి తొడుక్కున్నాను. బండి నిండా సబ్బు నురగ, తెల్లగా, చేతి మందాన ఉంది. పెయింటర్ దగ్గర చిన్న కెమెరా ఉండేది. "హిల్ మత్, హిల్ మత్" అని కదలనివ్వకుండా, బండి మీద చెయ్యి వేసి రబ్బరు చెప్పుల్లో నిలబడి నవ్వుతున్న నన్ను కాళ్ళ నుంచి తల దాకా ఒక ఫోటో తీశాడు. కడిగించి తెస్తే చూసి నేనే ఆశ్చర్యపోయాను. నురగ అచ్చం మంచులాగే ఉంది. నేను అచ్చం దొరలాగే ఉన్నాను.

సరిగ్గా ఆ వారమే నాయిన ఫోన్ చేశాడు. "సంబంధం అచ్చిందిరా. పిల్ల పది సదివింది. పిలగాడు దుబాయిల ఏం పని జేస్తడని అడుగుతుండ్రు. ఏం జెప్పాలె?" అన్నాడు. బండ్లు కడుగుతానని చెప్పమనడానికి నోరు రాలేదు. పదో తరగతి చదివిన పిల్లకు కడిగేవాడు ఎట్లా నచ్చుతాడు? "ఫోటో పంపుతున్న, సూపియ్యి" అన్నాను. ఫోటో వెనక నా అక్షరాలతో రాశాను: విమానాల మీద మంచు తీసే పని. ఊరికి పోయే ఒకాయన చేతికిచ్చి పంపాను. ఎయిర్‌పోర్టు బండే కదా, మంచు తీసే బండే కదా, ఇందులో అబద్ధం ఎంతుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. (లెక్క చూస్తే అంతా అబద్ధమే. బండి ఒక్కటే నిజం.)

మా ఊళ్ళో అప్పటికే పదిమంది దుబాయ్ చూసి వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు ఊరుకుంటారా? "దుబాయిల మంచేందిరా, మేమేమన్న గుడ్డోళ్ళమా?" అని నాయిన మీద పడ్డారట. నాయిన ఏమాత్రం తడుముకోకుండా, "ఇమానం మబ్బుల్లకెంచే గద వస్తది. పైన సల్లగుంటదా ఉండదా? ఆడ అంటుకున్న మంచు ఈడ దిగినంక మావోడు తీస్తడు" అన్నాడట. విమానం ఎప్పుడూ ఎక్కని మా నాయిన విమానాలు ఎక్కినవాళ్ళందరి నోళ్ళు మూయించాడు. పిల్ల తరపువాళ్ళు సరే అన్నారు. కానీ ఒక మెలిక పెట్టారు. పిల్ల మేనమామ అబుదాబి పక్కన బనియాస్‌లో షట్టరింగ్ కార్పెంటర్. సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాడు. తిరిగి పోయాక స్వయంగా వచ్చి పిలగాణ్ణి, పిలగాని పనిని చూసి ఫోన్ చేస్తాడు. ఆయన మంచిది అంటే లగ్గం, లేకుంటే లేదు.

బనియాస్ మామ వచ్చే శుక్రవారం ఏదో తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. జూన్ నెల. ఇనుము ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కుతోంది. మంచు ఎక్కడి నుంచి తేవాలి? అదృష్టమో దురదృష్టమో, ఆ శుక్రవారమే ఒక చలిదేశం నుంచి గిరాకీ సాబు వస్తున్నాడని మా ముదీర్, అంటే మేనేజరు, చెప్పాడు. మందు కొట్టే బండి బాగా పనిచేస్తుందో లేదో చూసి, నచ్చితే కొంటాడు. ఆ వారం శుక్రవారపు సెలవు లేదు, ఉస్తాదూ నేనూ రావాలి. ఆ మాట వినగానే నా బుర్ర వెలిగింది. (అది వెలిగినప్పుడల్లా నాకు నష్టమే జరిగింది.)

పొద్దున్నే పోయి రెండు డబ్బాల సబ్బు కలిపి, యార్డు మధ్యలో ఉన్న పాత కంటైనర్ పైకప్పు నిండా మోకాలెత్తు నురగ పట్టించాను. ట్యాంకులో నీళ్ళు నింపి హీటర్ పెట్టాను. జాకెట్ తొడిగి, బొచ్చు టోపీ బిగించి, తొట్టిలోకి ఎక్కి నిలబడ్డాను. ఉస్తాద్ వచ్చి నన్ను కిందికీ మీదికీ చూశాడు. "యే క్యా హై? పాగల్ హో గయా?"

"గిరాకీ సాబ్ కే లియే, ఉస్తాద్. మంచు లెక్క కనబడాలె గద" అన్నాను, సగం హిందీ, సగం తెలుగు.

ఆయనకు ఎంత అర్థమైందో గానీ నా భుజం మీద ఒక్కటి చరిచాడు. "వాహ్! దిమాగ్ హై తేరే పాస్." నిజం ఏమిటో నాకూ దేవుడికీ తెలుసు.

గిరాకీ సాబు వచ్చాడు. ఎర్ర ముక్కు, నోట్లో మాట లేదు. ఉస్తాద్ "యల్లా" అనగానే ఇనప చెయ్యి లేచింది. రెండంతస్తుల ఎత్తు. జాకెట్ లోపల చెమట కాలవ కడుతోంది. అప్పుడే గేటు దగ్గర ఒక మనిషి కనబడ్డాడు. తెల్ల చొక్కా, చంకలో న్యూస్ పేపర్ చుట్టిన పొట్లం, నెత్తిన తడి తువ్వాల. బనియాస్ మామ! ఆయన నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. నేను పైపు తిప్పాను. వేడినీళ్ళు ధారగా కొట్టాయి, తెల్లటి మంచు కుప్పలు కుప్పలుగా జారి కంటైనర్ పక్కనుంచి పడుతోంది. ఆ ఒక్క నిమిషం, చెప్పొద్దూ, నేను నిజంగానే ఏదో దేశంలో విమానాన్ని కాపాడుతున్నానని అనుకున్నాను. కిందికి చెయ్యి కూడా ఊపాను.

అప్పుడు సముద్రం వైపు నుంచి గాలి లేచింది. నురగ పెద్ద పెద్ద ముద్దలుగా లేచి, గేటు దిక్కు పోయి, ఒక ముద్ద సరిగ్గా మామ మీసం మీద వాలింది. ఆయన దాన్ని వేలితో తీశాడు. వాసన చూశాడు. నాలిక చివరకు తగిలించుకున్నాడు. అంత పైనుంచి కూడా ఆయన మొహం నాకు స్పష్టంగా కనబడింది. తర్వాత ఏమీ కనబడలేదు, కళ్ళు తిరిగాయి.

తెలివి వచ్చేసరికి నీడలో పడుకుని ఉన్నాను. జాకెట్ ఎవరో విప్పారు. మామ తన తడి తువ్వాలతో నా మొహం తుడుస్తున్నాడు. పక్కన గిరాకీ సాబు కూర్చుని నాకు చల్లని లబన్ డబ్బా పట్టిస్తున్నాడు. మజ్జిగే అది. నేను మింగుతుంటే ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు, ఉస్తాద్ హిందీలో చెప్పాడు: వాళ్ళ దగ్గర ఈ జాకెట్ వేసుకున్నా వేళ్ళు వంగవట, మంచు తీసినవాడు కిందే నిలబడి విమానం పోతుంటే చూస్తాడట. అంతలో ముదీర్ వచ్చి చెయ్యి కలిపాడు. బండి అమ్ముడైంది. అందరూ ఆఫీసులోకి పోయారు. నేను, మామ మిగిలాం.

"పిలగా," అన్నాడు మామ. "నిజం జెప్పు. నీ పనేంది?"

"కడుగుడు, మామ."

"ఏం కడుగుడు?"

"బండ్లు. మంచు బండ్లు. మంచు నేనెన్నడు సూడలే."

ఆయన తడి తువ్వాల పిండి భుజాన వేసుకున్నాడు. మీసానికి ఇంకా కొంచెం సబ్బు ఉంది. చెప్పడానికి నాకు ధైర్యం లేదు. "కడుగుడంటే కడుగుడని జెప్పరాదా? నేను ఇరవై ఏండ్ల సంది చెక్కలు గొడుతున్న. నాకేమన్న నామోషీ ఉన్నదా?" అన్నాడు. "లే. నడువు. ఫోన్ జెయ్యాలె. నేను అబద్ధం జెప్ప. ముందే జెప్తున్న."

గేటు బయట ఫోన్ డబ్బా ఉండేది. మామ కార్డు గీకి నంబర్ నొక్కుతుంటే, నా పెళ్ళి అక్కడే, ఆ డబ్బాలోనే ఖలాస్ అనుకున్నాను. ఆయన వాళ్ళ అక్కతో గట్టిగా, నాకు వినబడేటట్టు చెప్పాడు: "ఆఁ, సూసిన. మంచు లేదు, గించు లేదు. అంత సబ్బు. పిలగాడు బండ్లు కడుగుతడు. ఆఁ... కష్టం జేస్తడు. మస్తు కష్టం జేస్తడు, నా కండ్ల ముందట్నే పడిపోయిండు. బిడ్డెనడుగు, ఇష్టముంటెనే." తర్వాత అవతలి మాట వింటున్నాడు. నేను నేల చూస్తున్నాను. మామ మీసం ఎందుకో కదిలింది. ఫోన్ చేత్తో మూసి నా వైపు తిరిగాడు.

"అల్లుడా! సాక్సులు సరిపోయినయా అని పిల్ల అడుగుతుంది."

అప్పుడు గుర్తొచ్చి మామ చంకలోని పొట్లం నా చేతిలో పెట్టాడు, విప్పాను. కొన్ని మురుకులు, ఒక జత ఎర్ర ఉన్ని సాక్సులు. పిల్ల తన చేతులతో అల్లిందట. నలభై ఏడు డిగ్రీల ఎండలో ఆ సాక్సులు పట్టుకుని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం, నేను మంచులో ఉన్నానని నమ్మి ఎంత రంది పడి అల్లిందో, ఆ పిల్లను ఎంత మోసం చేశానో అని. "సరిపోయినయని జెప్పు మామ" అన్నాను.

లగ్గమైన నాలుగో రోజు, ఇంట్లో చుట్టాలు తగ్గాక, ఆమె పెట్టెలోంచి ఆ ఫోటో తీసింది. నా మొహం మీద కాదు, కాళ్ళ మీద వేలు పెట్టింది. "మంచుల రబ్బరు చెప్పులేసుకొని ఇగిలిస్తున్నవు. గిదేం మంచు?"

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"ఫోటో అచ్చిన్నాడే సూసిన. వెనుక బకీటు గూడ ఉన్నది. ఆ చెప్పులు నేను సూసిన్నని నీకు సమజైతదేమోనని సాక్సులల్లి పంపితె, సరిపోయినయని చెప్పిస్తివి!"

"మరి ఎందుకు ఒప్పుకున్నవు?"

ఆమె ఫోటో మళ్ళీ పెట్టెలో పెడుతూ, "అబద్ధమాడ రాని మనిషి ఎక్కడ దొరుకుతడు?" అంది.

తర్వాత ఇంకో ఆరేళ్ళు అక్కడే బండ్లు కడిగి వచ్చేశాను. ఇప్పుడు జగిత్యాలలో నాది చిన్న వాటర్ సర్వీసింగ్ షాపు. బైకులు, ఆటోలు కడుగుతాను, బోర్డు మీద పెద్ద అక్షరాలతో అదే రాయించాను. మంచు ఇప్పటిదాకా చూడలేదు. ఆ ఫోటో షాపులో గోడకు ఉంది, మా ఆవిడే తగిలించింది. బండి నురగ కట్టి నానుతున్నంతసేపు నేను ఒక్కోసారి ఆ గొర్రె బొచ్చు టోపీ కుర్రవాణ్ణి చూస్తూ కూర్చుంటాను. ఎంత ధీమాగా నవ్వుతున్నాడో, పాపం. పది కాలివేళ్ళూ బయటికి కనబడుతున్నాయని వాడికింకా ఎవరూ చెప్పలేదు.