రష్యన్ మామ్మగారి మొగుడి దర్జా

నాకు రష్యన్ వచ్చని మీలో ఎవరికీ తెలియదనుకుంటాను. శాన్ రామన్‌లో అమ్మమ్మా అని పిలిచే మీ ఇద్దరికీ, రెడ్‌మండ్‌లో నానమ్మా అని పిలిచే నీకూ నేను పచ్చళ్ళు పార్సిల్ చేసే మనిషిని. ఆదివారం ఫోన్‌లో "తిన్నావా నాన్నా" అని అడిగే మనిషిని. అందులో నాకేం బాధ లేదు. కానీ మిషిగన్‌లో మంచు పడే రోజున కిటికీ దగ్గర కూర్చుంటే ఒక్కోసారి నాకు రష్యన్ మాటలు గుర్తొస్తాయి. వాటి వెంట ఒక మనిషి గుర్తొస్తుంది. ఆవిడ సంగతి మీకు చెప్పాలని ఉంది. మీ తెలుగుకి అందేలా మెల్లగానే చెబుతాను.

పెళ్ళికి ముందు నేను హైదరాబాదులో, రష్యా వాళ్ళ సాయంతో కట్టిన ఒక మందుల ఫ్యాక్టరీలో టైపిస్టుని. అక్కడి రష్యన్ ఇంజనీర్ల మాట అర్థమయ్యే మనిషి ఆఫీసులో ఒకరుండాలని నన్ను సాయంత్రం క్లాసులకి పంపించారు. పంపులు, బాయిలర్లు, గొట్టాలు, అన్నిటి పేర్లూ నేర్చుకున్నాను. తర్వాత పెళ్ళయింది. మీ తాతయ్యకి డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. డెబ్భైల చివర ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చి దిగాం. ఇక నా రష్యన్‌తో ఎవరికేం పని? పెట్టె అడుగున పట్టుచీరల కింద డిక్షనరీ కూడా పడుకుంది.

అప్పట్లోనే రష్యా నుంచి యూదు కుటుంబాలు ఈ చుట్టుపక్కలకి వస్తున్నాయి. లైబ్రరీలో వాళ్ళకి ఇంగ్లీషు క్లాసు పెట్టారు. నేను పుస్తకాలు తిరిగి ఇచ్చేద్దామని వెళ్ళినప్పుడు, ఆ గది గుమ్మంలో ఒక ముసలావిడ "ఇక్కడ ఒక్కరికైనా మనుషుల భాష వచ్చా?" అని రష్యన్‌లో విసుక్కుంటోంది.

"వచ్చండీ," అన్నాను.

చీర మీద చలికోటు తొడుక్కున్న నన్ను ఆవిడ కిందనుంచి పైదాకా చూసింది. పక్కనున్న కుర్చీ మీద అరచేత్తో ఒక్కటేసి "కూర్చో" అంది.

రష్యన్లు పెద్దవాళ్ళని పేరుకి తండ్రి పేరు చేర్చి పిలుస్తారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. నా మనసులో మాత్రం ఆవిడ మామ్మగారే. ఆవిడ నన్ను "దోచ్కా" అనేది. కూతుర్ని ముద్దుగా పిలిచే పిలుపు అది. మా అమ్మ పోయాక నన్ను అలా పిలిచినవాళ్ళు ఇంకెవరూ లేరు.

మామ్మగారి భర్త మిన్స్క్ నగరంలో ట్రామ్ డ్రైవరు. ట్రామ్ అంటే పట్టాల మీద నడిచే బస్సు అనుకోండి. కొడుకు ముందే వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు కనుక, ముసలితనంలో ఇద్దరూ ఆయన దగ్గరికి వచ్చారు. ఇక్కడ ట్రామ్ లేదు. మన సబర్బ్‌లో బస్సు కూడా అంతంతమాత్రం. కారు నేర్చుకోమంటే "పట్టాల్లేని బండి ఎటు పోతుందో దానికే తెలీదు" అని ముసలాయన ఒప్పుకోలేదట. బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని ముందుగదిలో కూర్చునేవాడు. నేను వెళితే తల ఊపేవాడు, అంతే. అలా కొన్నేళ్ళు కూర్చుని కూర్చునే ఒక చలికాలంలో పోయాడు.

అంత్యక్రియల దగ్గర వాళ్ళ మనవరాలు లేచి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పింది. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది, రష్యన్ రాదు. "మై గ్రాండ్‌పా వజ్ ఎ క్వయట్ మ్యాన్," అని మొదలుపెట్టింది. మామ్మగారు నా వైపు వంగి ఏమందని అడిగింది. మా తాత నెమ్మదస్తుడు, పెద్దగా మాట్లాడేవాడు కాదు అంటోందని చెప్పాను.

అప్పటిదాకా కన్నీళ్ళు పెట్టని మనిషి నా మణికట్టు పట్టుకుంది. "నెమ్మదస్తుడా? నా మొగుడా?"

వాళ్ళల్లో ఏడాది నిండిన రోజున ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుంటారు. చిన్న గ్లాసుల్లో వోడ్కా పోసుకుని పోయిన మనిషి గురించి తలా ఒక మాట చెబుతారు. మామూలు రోజుల్లో గ్లాసులు తాకిస్తారు, ఆ రోజు తాకించరు. ఆ రోజు ఇంకా కొన్ని నెలలుందనగా మామ్మగారు నన్ను పిలిచింది.

"ఈసారి నేను ఇంగ్లీషులో మాట్లాడాలి దోచ్కా. ఆ పిల్లకి తెలిసింది ఆ స్వెట్టర్ ముసలాడొక్కడే. రేపు దాని పిల్లలకి కూడా వాణ్ణే చూపిస్తుంది. మరి నేను కట్టుకున్నవాడు ఏమైపోవాలి?"

అలా మొదలైంది. పిల్లలు స్కూలుకి వెళ్ళాక నేను ఆవిడ వంటింటికి వెళ్ళేదాన్ని. టీలో చెర్రీ జామ్ కలిపి ఇచ్చేది. ఆవిడ చెప్పేది, నేను ఇంగ్లీషు చేసేదాన్ని.

ఎలాంటి మాటలు చెప్పేదో! "ఫొర్సీత్" అనేది. ఒంటి మీద కొత్త చొక్కా ఉందని ఊరంతా చూడాలి అన్నట్టు తిరగడం. "కురలేసిత్" అనేది. చిందులేసి, కోతి వేషాలు వేసి, కొంపంతా గోల చేయడం. "గోగల్‌లా నడిచేవాడు" అనేది. గోగల్ అంటే ఒకరకం బాతట, మెడ వెనక్కి విరిచి రొమ్ము ముందుకి తోసి నీళ్ళ మీద పోతుందట. కొత్త బట్టలు వేసుకుంటే "అప్పుడే సూది మీంచి దిగినట్టున్నాడు" అనాలి. కాస్త మందు పుచ్చుకుని దేనికీ జంకకపోతే "సముద్రం మోకాలి లోతు" అనాలి. జేబు ఖాళీగా ఉన్నా జమీందారులా ఖర్చు పెడితే "జనం కళ్ళల్లో దుమ్ము చల్లాడు" అనాలి. మనకి కళ్ళల్లో దుమ్ము కొట్టడమంటే మోసం. వాళ్ళకి అది మోసం కాదు, ముచ్చట.

చిత్రమేమిటంటే ఆ మాట చెవిన పడగానే నాకు ఇంగ్లీషు తట్టేది కాదు, తెలుగు తట్టేది. షోకు, టెక్కు, డాబు, దర్జా, బడాయి, కులుకు. ఎన్ని మాటలో! ఎక్కడ దాక్కున్నాయో అన్నీ బిలబిలమంటూ వచ్చేసేవి. ఆ వంటింట్లో టీ చల్లారిపోతుంటే నేను మా వీధి మనుషుల్ని తలుచుకుంటూ కూర్చునేదాన్ని. ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చాక ఆ మాటలు నోటితో అనే అవసరమే రాలేదు. ఇక్కడ టెక్కు చేసేవాళ్ళేరి? మనవాళ్ళందరం తల దించుకుని ఆఫీస్‌కి వెళ్ళి, తల దించుకుని ఇంటికి వచ్చేవాళ్ళం.

ఒకరోజు మీ తాతయ్యని అడిగాను.

"ఏవండీ, షోకు చేయడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

"షో ఆఫ్." పేపర్ దించలేదు.

"అది తిట్టు కదండీ."

"షోకు చేస్తే తిట్టక ముద్దు పెట్టుకుంటారా?"

"మీ చిన్న మావయ్య సిల్కు లాల్చీ వేసుకుని, సెంటు పూసుకుని, చేతులొదిలేసి సైకిల్ తొక్కేవాడని చెబుతారుగా. ఆయన్ని షో ఆఫ్ అనమంటారా?"

పేపర్ దిగింది. "మా మావయ్యనా? ఆయన సంగతి నీకేం తెలుసోయ్! సినిమా హాల్లోకి ఇంటర్వెల్ అయ్యాక వచ్చేవాడు, అందరూ తిరిగి చూస్తారని!" అంటూ మొదలుపెట్టి కాఫీ మర్చిపోయి చెప్పుకుపోయారు. చివరికి నిట్టూర్చి, "మా మావయ్య ఇంగ్లీషులోకి రాడు. వదిలెయ్," అన్నారు.

నేను వదల్లేదు. రాసుకుంటూ పోయాను. అయితే నేను పెరిగిన పద్ధతి ఒకటుంది. మా ఇంట్లో పోయిన పెద్దవాళ్ళ గురించి మాట్లాడితే వారు, వీరు అంటూ గొంతు తగ్గించి మాట్లాడాలి. మా అమ్మ నాన్నగారి గురించి చెబుతుంటే గోడ మీద దండ వేసిన ఫోటో మాట్లాడుతున్నట్టే ఉండేది. పోయినాయన గురించి కోతి వేషాలు, బాతు నడక అని రాయడానికి నా చెయ్యి రాలేదు. అన్నిటినీ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాను. "హి వజ్ ఎ చీర్‌ఫుల్ జెంటిల్‌మన్. హి డ్రెస్డ్ విత్ కేర్." ఇలా రెండు పేజీలు.

మామ్మగారు తెలివైన మనిషి. "దీన్ని మళ్ళీ రష్యన్‌లోకి మార్చి చదువు," అంది. చదివాను. ఉల్లాసవంతులైన పెద్దమనిషి. దుస్తుల విషయంలో శ్రద్ధ వహించేవారు.

ఆవిడ చేతిలో చెంచా బల్ల మీద పెట్టేసింది.

"ఎవరితను? పన్నుల ఆఫీసులో గుమాస్తానా?"

"మర్యాదగా ఉంటుందని..."

"నా మొగుణ్ణి రెండోసారి పాతిపెట్టావు దోచ్కా. ఈసారి టై కట్టి మరీ."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ లేచింది. మోకాళ్ళ నొప్పులతో ఫ్రిజ్ దాకా నడవడమే కష్టం ఆవిడకి. "ఆ డిక్షనరీ మూసెయ్. నన్ను చూడు. కనిపించింది రాయి," అంది. గిన్నె తుడిచే గుడ్డ తీసి తల మీద ఒక చెవి మీదికి వాల్చి పెట్టుకుంది. మెడ విరిచింది. రొమ్ము పొంగించింది. స్టవ్ దగ్గర నుంచి సింక్ దాకా నడిచింది చూడండి! ఆ నాలుగడుగుల్లో నాకు మిన్స్క్ వీధి కనబడింది. ఆ వీధిలో ఆయన కనబడ్డాడు.

అప్పుడే చెప్పింది అసలు కథ. పెళ్ళికి ముందు ఆవిడ ఒక బేకరీలో పనిచేసేది. బేకరీ ముందు స్టాప్ లేదు. అయినా ఈయన ట్రామ్ అక్కడ ఆపేవాడు. డ్రైవర్ కాలి కింద గంట మీట ఉంటుంది. దాన్ని పాటకి తాళం వేసినట్టు టాం, టాం, టాం అని తొక్కి, టోపీ పక్కకి వాల్చి, కిటికీలోంచి సగం బయటికి వంగి సలాం కొట్టేవాడు. ట్రామ్‌లో జనం "ఒసే, వచ్చి వీణ్ణి పెళ్ళి చేసుకోవే తల్లీ, మాకు పనికి ఆలస్యమవుతోంది!" అని అరిచేవాళ్ళు.

"పై ఆఫీసర్ చీవాట్లు పెట్టాడు. మర్నాడు మళ్ళీ ఆపాడు," అంది మామ్మగారు. గుడ్డ ఇంకా తల మీదే ఉంది. "అదీ ఫొర్సీత్ అంటే."

ఇంటికి వచ్చి అంతా చింపేసి కొత్తగా రాశాను. మాటకి మాట వెతకలేదు. చెరువంతా తనదే అనుకునే బాతులా నడిచేవాడని రాశాను. జనం ట్రామ్‌లోంచి అరిచింది రాశాను. ఫొర్సీత్‌ని మాత్రం ఏమీ చేయలేక ఇంగ్లీషు మధ్యలో అలాగే ఉంచేశాను.

ఏడాది రోజున నన్ను కూడా పిలిచారు. బల్ల చివర ఆపిల్ జ్యూస్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. మామ్మగారు లేచి, కళ్ళద్దాలు పెట్టుకుని, తన ఇంగ్లీషులో నెమ్మదిగా చదివింది. మనవరాలు మొదట ఒడిలోకి చూస్తూ కూర్చుంది. బాతు దగ్గర తలెత్తింది. ఫొర్సీత్ దగ్గర ఆపింది.

"గ్రాండ్‌మా, వాట్ ఈజ్ దట్?"

మామ్మగారు నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ కాగితం పక్కన పెట్టింది. గుమ్మం దగ్గర తగిలించి ఉన్న కొడుకు బేస్‌బాల్ టోపీ తీసి ఒక చెవి మీదికి వాల్చుకుంది.

"అమ్మా, కూర్చో. పడతావు," అన్నాడు కొడుకు. చెవులు ఎర్రబడ్డాయి ఆయనకి.

ఆవిడ కూర్చోలేదు. కాలితో నేల మీద కొట్టింది. టాం, టాం, టాం.

కొడుకు మెల్లగా, "అలా కాదు," అన్నాడు. "మధ్యలో చిన్నదొకటి ఉంటుంది." బల్ల కింద తనే కొట్టాడు. టాం, ట-టాం. "చిన్నప్పుడు నన్ను ముందు నిలబెట్టుకునేవాడు. నా కాలు తన బూటు మీద పెట్టించి తొక్కేవాడు."

పిల్ల తండ్రిని ఎన్నడూ చూడనట్టు చూసింది. ఆ తర్వాత అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మరి నా ముందు ఒక్కసారి కూడా అలా చేయలేదేం?"

మామ్మగారి దగ్గర దానికి ఇంగ్లీషు లేదు. రష్యన్‌లో చెప్పి నా వైపు చూసింది. నేను చెప్పాలి. "షోకు చేయాలంటే చూసేవాళ్ళు తనవాళ్ళై ఉండాలి కన్నా. వీధి తనదై ఉండాలి. ఈ ఊళ్ళో ఆయన్ని ఎరిగినవాళ్ళెవరు?" ఇంగ్లీషులో ఈ రెండు ముక్కలూ చెప్పాను. అది ఆయనొక్కడి సంగతే కాదని నాకు తెలుసు.

పిల్ల అంది, "నేనున్నానుగా. ఇక్కడే ఉన్నానుగా."

ఆ మాట రష్యన్‌లోకి మార్చమని నన్ను ఎవరూ అడగలేదు. మామ్మగారు వెళ్ళి, తన తల మీది టోపీ తీసి పిల్ల తల మీద పెట్టింది. పిల్ల అలవాటుగా దాన్ని తిన్నగా సర్దుకుంది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తనే ఒక చెవి మీదికి లాక్కుంది.

"మళ్ళీ చెప్పు గ్రాండ్‌మా," అంది. "రష్యన్‌లోనే చెప్పు."

ఆవిడ చెప్పింది, చేతులతో, కాళ్ళతో, బుగ్గలతో. కొడుకు మధ్యమధ్యలో ఏదో సరిదిద్దుతున్నాడు. పిల్ల నవ్వుతోంది, ఎంత అర్థమైందో మరి. ఇక ఆ పూట నాతో ఎవరికీ పని లేదు. జ్యూస్ తాగుతూ, నా కళ్ళ ముందు సైకిల్ మీద చేతులొదిలేసి వెళ్ళిపోతున్న ఒక సిల్కు లాల్చీని చూస్తూ కూర్చున్నాను.

పోయిన మీ తాతయ్య ఎలాంటివారని మీరు ఫోన్‌లో అడిగినప్పుడు నేను "వెరీ నైస్ మ్యాన్, నాన్నా" అంటాను. ఫోన్‌లో అంతకంటే ఏం చెప్పను? ఈసారి సెలవులకి రండి. నా మోకాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. లేచి నడిచి చూపిస్తాను.